జనవరిలో అమ్మాయి పురుడు డాలస్‌లో: మంచు తుపానుకూ కరెంటు కోతకూ ఇల్లు ఎలా సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న: నల్లకుంట మాస్టారు

పెద్దలందరికీ నమస్కారం. నేను లెక్కల ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి, నల్లకుంటలో ఉంటాము. మా అమ్మాయికి జనవరి చివరి వారంలో కాన్పు అవుతుందని డాక్టర్లు చెప్పినందువల్ల, నేనూ నా భార్యా డిసెంబరు రెండో వారంలో బయలుదేరి, టెక్సాస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోకు వెళ్తున్నాము. అల్లుడు ఉద్యోగరీత్యా వారంలో మూడు రోజులు హ్యూస్టన్‌లో ఉంటాడు కాబట్టి, తుపాను సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే వచ్చిందంటే ఇంట్లో మిగిలేది ఒక నిండు గర్భిణి, లేకపోతే పచ్చి బాలింత, ఆమెకు తోడుగా గడ్డకట్టే చలి ఎలా ఉంటుందో ఎరగని ఇద్దరు ముసలివాళ్లు.

ఈ భయం ఊరికే పుట్టినది కాదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టినప్పుడు మా అమ్మాయి అక్కడే చదువుకుంటూ అద్దె ఇంట్లో ఉండేది. రెండున్నర రోజుల పాటు ఫోను కలవలేదు. ఆ తరువాత తెలిసిందేమిటంటే, నలుగురు ఆడపిల్లలు ఉన్న బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, ఆరుబయట నిలిపిన కారులో వంతులవారీగా కూర్చుని ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుంటూ గడిపారట. ఆ రెండున్నర రోజులూ మా ఇంట్లో పొయ్యి వెలగలేదంటే అతిశయోక్తి కాదు.

నాకు తెలిసిన చలి హైదరాబాదు చలి. 1946 జనవరి 8న ఇక్కడ 6.1 డిగ్రీలు నమోదైందని చెప్పుకుంటాము గానీ, నా ఎరుకలో పది డిగ్రీలకు దిగిందంటేనే మా వీధిలో తెల్లవారుజామున మంకీ క్యాపులు బయటికి వస్తాయి. అందువల్ల అనుభవజ్ఞులను అడుగుతున్నాను. మన ఇంట్లో ఉన్నట్టు అక్కడి ఇంటికి ఇన్వర్టరు పెట్టించవచ్చునా? ఇక్కడి రూమ్ హీటరు ఒకటి పెట్టెలో సర్దుకుపోతే పనికివస్తుందా? నీళ్లు ఎన్ని నిలవ ఉంచుకోవాలి? చివరిగా, మా ఇంటావిడ తన పుట్టింటి నుంచి వచ్చిన ఇనుప కుంపటిని, సాంబ్రాణిని తప్పకుండా తీసుకువెళ్లాలని పట్టుబడుతున్నది. బాలింత గదికి నిప్పు ఉండాలన్నది ఆమె వాదన. కాదనడానికి నా దగ్గర తగిన కారణం లేదు.

సమాధానం: ప్లేనో వదిలి కొండాపూర్

మాస్టారూ, నమస్కారం. మేము ఫ్రిస్కో పక్కనే ఉన్న ప్లేనోలో పదకొండేళ్లు ఉండి 2022లో ఇక్కడికి తిరిగి వచ్చాము. మీరు అడిగిన వరుసలో ఇన్వర్టరు ముందూ నీళ్లు వెనుకా ఉన్నాయి. నేనైతే ఆ వరుసను తిరగేస్తాను. ఇక్కడ కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, మోటారు ఆగుతుంది, మనిషికి ఉక్కపోస్తుంది, ఇంటికి మాత్రం ఏమీ కాదు. అక్కడ కరెంటు పోతే మనిషి దుప్పట్లు కప్పుకుని ఎలాగో నిలబడతాడు, ఇల్లు నిలబడదు. నేను ఇల్లంటున్నది గోడలను కాదు, ఆ గోడల్లో ఉన్న నీటి గొట్టాలను.

మన డాబా మీద ట్యాంకు, దాని నుంచి గోడ వెంట దిగే పైపులు అన్నీ బయటే ఉంటాయి, ఏ చలీ వాటిని ఏమీ చేయదు. అక్కడి ఇళ్లు కాంక్రీటు పలక మీద చెక్క చట్రంతో కట్టినవి, గోడలు జిప్సం పలకలవి. చాలా ఇళ్లలో నీటి పైపులు, పైకప్పుకూ గది సీలింగుకూ మధ్య ఉండే అటక మీదుగా పోతాయి, ఒక్కోసారి గీజరు కూడా అటకలోనే ఉంటుంది. ఇంట్లోకి వచ్చే వెచ్చటి గాలి అటకలోకి రాదు. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ గడ్డకూ మూసివున్న నల్లాకూ మధ్య చిక్కుకున్న నీటి మీద ఒత్తిడి పెరిగిపోయి పైపు చీలుతుంది. అసలు మోసం ఇక్కడే ఉన్నది: చీలిన సంగతి ఆ రోజు తెలియదు, మంచు కరిగిన రోజున తెలుస్తుంది.

మాకు అదే జరిగింది. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారకముందే కరెంటు పోయింది. 16 ఉదయం డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే మన సెల్సియస్ లెక్కలో సున్నాకు దిగువ 19 డిగ్రీలు. ఆ రోజంతా మేము బాగానే ఉన్నామనుకున్నాము. కరెంటు తిరిగి వచ్చి ఇల్లు వెచ్చబడిన మర్నాడు, పడకగది పైకప్పు కడుపుతో ఉన్నదానిలా కిందికి ఉబ్బి, చూస్తుండగానే తడిసిన అట్టలా ఊడి మంచం మీద పడింది. నీళ్లు నలభై నిమిషాలు కారాయి. కారణం సిగ్గుచేటు: పదేళ్లుగా ఉంటున్న ఇంటికి నీళ్లు కట్టేసే వాల్వు ఎక్కడున్నదో నాకు తెలియదు. టార్చిలైటు పట్టుకుని పెరడంతా తిరిగాను. చివరికి పొరుగింటి పెద్దాయన వచ్చి, వీధి అంచున గడ్డిలో పూడుకుపోయిన మీటరు పెట్టె మూత తీసి, పొడవాటి ఇనుప తాళంచెవితో తిప్పి ఆపాడు.

కాబట్టి మొదటి పని ఇది. మీరు ఇంకా నల్లకుంటలో ఉండగానే అల్లుడి చేత ఆ వాల్వు వెతికించండి, ఒకసారి కట్టి విప్పించండి, దానికి సరిపోయే తాళంచెవిని గరాజులో మేకుకు తగిలించమనండి. వాల్వు బిగుసుకుపోయి ఉంటే ప్లంబరును డిసెంబరులోనే పిలవాలి. తుపాను మర్నాడు ప్లంబరు దొరకడం దసరా ముందు రోజు దర్జీ దొరకడం వంటిది.

రెండో పని ఇంటి బయట ఉన్న నల్లాలు. వాటికి తగిలించిన తోట గొట్టాలను విప్పి, ప్రతి నల్లాకూ నురుగు (ఫోమ్) టోపీ తొడగాలి. అవి హార్డ్‌వేర్ దుకాణాల్లో కొద్ది డాలర్లకే దొరుకుతాయి, కానీ తుపాను కబురు రాగానే అరలన్నీ ఖాళీ అవుతాయి. పచ్చికకు నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు ఉంటే దాని వాల్వును విడిగా కట్టి, నేల పైకి కనిపించే ఇత్తడి భాగాన్ని పాత తువ్వాళ్లతోనూ ప్లాస్టిక్ సంచితోనూ చుట్టి కట్టాలి.

ఇక తుపాను రాత్రి సంగతి. చలి సుమారు మైనస్ 7 డిగ్రీలకు దిగి చాలా గంటలు అక్కడే ఉంటుందని హెచ్చరిక వస్తే, బయటి గోడకు ఆనుకుని ఉన్న నల్లాలను, ముఖ్యంగా నీళ్లు ఇంట్లోకి వచ్చే చోటికి అన్నిటికన్నా దూరంగా ఉన్నదానిని, పెన్సిలు ములుకు మందాన ధార వచ్చేలా వదిలిపెట్టాలి. చన్నీళ్లు, వేణ్ణీళ్లు రెండూ వదలాలి. వంటింట్లోనూ స్నానాల గదిలోనూ సింకు కింద అల్మారా తలుపులు తెరిచి ఉంచితే గదిలోని వెచ్చదనం పైపులకు తగులుతుంది. నీళ్లు వృథా చేస్తున్నామని మన ప్రాణం కొట్టుకుంటుంది. వారానికి రెండు ట్యాంకర్లు కొనుక్కునే కొండాపూర్‌లో కూర్చుని ఈ మాట రాయడం నాకూ వింతగానే ఉంది. థర్మోస్టాటును రాత్రిళ్లు తగ్గించే అలవాటు ఉంటే ఆ నాలుగు రోజులు మానుకోమనండి.

కరెంటు పోయి గంటలు గడుస్తూ, ఇల్లు చల్లబడిపోతూ ఉంటే మాత్రం ధారను నమ్ముకోవద్దు. 2021లో చాలా ఊళ్లలో నీటి ఒత్తిడే పడిపోయింది. అప్పుడు మెయిన్ వాల్వు కట్టేసి, కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా అన్ని నల్లాలూ విప్పి పైపుల్లోని నీటిని వదిలేయడమే మేలు. అందుకే తాగడానికీ వాడుకకూ నీళ్లు ముందే పట్టి ఉంచుకోవాలి. ట్యాంకు లేని గోడ గీజరు ఉంటే, గడ్డకట్టకుండా తనను తాను కాపాడుకునే ఏర్పాటు దానికి కరెంటు మీదనే నడుస్తుంది కాబట్టి, దానిలోని నీటిని ఎలా ఖాళీ చేయాలో దాని పుస్తకంలో ముందే చదివి పెట్టుకోమని చెప్పండి.

సమాధానం: వనస్థలిపురం విశ్రాంత ఇంజనీరు

మాస్టారుగారికి నమస్కారాలు. విద్యుత్ శాఖలో 34 ఏళ్లు పనిచేసినవాణ్ణి కనుక కరెంటు, నిప్పు ఈ రెండింటికే పరిమితమవుతాను. పై మిత్రుడు నీటి గురించి చెప్పిన దానికి నేను కలపవలసింది లేదు.

2021లో ఆ రోజు ఏమైందో మీవంటి లెక్కల మాస్టారు తప్పక తెలుసుకోవాలి. అమెరికాలో గ్రిడ్డు పౌనఃపున్యం, అంటే కరెంటు సెకనుకు ఎన్ని ఆవృత్తులు తిరుగుతుందన్న లెక్క, 60 హెర్ట్జ్. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున చలికి గ్యాసు బావులు, విద్యుత్ కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి ఆగిపోవడంతో అది సుమారు 59.3కు పడింది. 59.4కు దిగువన 9 నిమిషాలు ఉంటే మిగిలిన జనరేటర్లు కూడా తమను తాము కాపాడుకోవడానికి విడిపోతాయి. 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. రాష్ట్రమంతా వారాల తరబడి చీకటి కావడానికి మిగిలిన వ్యవధి ఎంతో తీసివేసి చూసుకోండి. అప్పుడు లోడ్ షెడ్డింగ్ మొదలుపెట్టారు. వంతులవారీగా గంటో రెండు గంటలో తీస్తామన్నారు గానీ, ఆసుపత్రులూ అత్యవసర సేవలూ ఉన్న ఫీడర్లను (సబ్‌స్టేషన్ నుంచి వీధులకు కరెంటు తెచ్చే లైన్లను) ముట్టుకోకూడదు కనుక, వంతులు మార్చడానికి మిగిలిన ఫీడర్లు చాలలేదు. కరెంటు పోయినవాళ్లకు రోజుల తరబడి పోయే ఉంది, ఉన్నవాళ్లకు ఉండనే ఉంది. 45 లక్షలకు పైగా ఇళ్లూ వ్యాపారాలూ చీకట్లో పడ్డాయి. రాష్ట్ర ప్రభుత్వం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు.

పక్క రాష్ట్రాల నుంచి ఎందుకు తెచ్చుకోలేదని అడుగుతారు. టెక్సాస్ గ్రిడ్డు దేశంలోని తూర్పు, పడమర గ్రిడ్లతో కలవకుండా విడిగా ఉంటుంది. చిన్నపాటి డీసీ లంకెలు మాత్రమే ఉన్నాయి. మన దక్షిణాది గ్రిడ్డు కూడా ఒకప్పుడు అలాగే ఉండేది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది అంతా చీకటైతే మనకు దీపం ఆరలేదు, ఆ విడితనమే మనల్ని కాపాడింది. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరు లైనుతో మనం దేశ గ్రిడ్డులో పూర్తిగా కలిశాము. విడిగా ఉండడం ఒకసారి కాపాడుతుంది, మరొకసారి ముంచుతుంది. టెక్సాస్‌లో 2021లోనే చట్టం చేసి విద్యుత్ కేంద్రాలను చలికి తట్టుకునేలా సిద్ధం చేయించారు. కానీ అది గ్రిడ్డు సంగతి. గడ్డకట్టే వాన పడితే చెట్ల కొమ్మల మీద మంచు పేరుకుని, అవి విరిగి వీధి లైన్ల మీద పడతాయి. 2023 ఫిబ్రవరి మొదట్లో ఆస్టిన్‌లో జరిగింది అదే. పైన గ్రిడ్డు నిక్షేపంగా ఉండగానే మీ వీధి చీకటి కావచ్చు.

మీ ఇన్వర్టరు ప్రశ్నకు వస్తాను. మన 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు ఉంటుంది, చేతికి వచ్చేది అంతకన్నా బాగా తక్కువ. అది దీపాలకూ ఫ్యాన్లకూ చాలును. అక్కడ కావలసింది వేడి. ఇల్లంతటినీ వెచ్చబరిచే ఫర్నేసు గ్యాసుతో నడిచేదైనా, గ్యాసును వెలిగించడానికీ ఆ వేడి గాలిని గదులకు తోయడానికీ కరెంటు మోటారు కావాలి. గ్యాసు ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు 2021లో ఇక్కడే దెబ్బతిన్నారు. బ్యాటరీతో ఆ మోటారును కొద్ది గంటలు మాత్రం తిప్పగలరు. అందువల్ల ఫోన్లకూ ఒకటి రెండు దీపాలకూ సరిపోయే చిన్న బ్యాటరీ పెట్టె ఒకటి కొనమనండి, అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. జనరేటరు కొంటే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత మార్పిడి స్విచ్చు పెట్టించి తీరాలి. జనరేటరు తీగను గోడ ప్లగ్గులో గుచ్చితే ఆ కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి పోయి, వేల వోల్టులై, లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కినవాణ్ణి చంపుతుంది. అలా పోయిన లైన్‌మన్ ఇంటికి వెళ్లి నిలబడవలసి వచ్చినవాణ్ణి, అందుకే ఈ మాట ఇంత గట్టిగా రాస్తున్నాను.

మీ రూమ్ హీటరు వద్దు. అక్కడి ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు. మన 230 వోల్టుల హీటరును దానికి పెడితే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది కనుక, 2000 వాట్ల హీటరు సుమారు 545 వాట్లే ఇస్తుంది. అక్కడ 1500 వాట్ల హీటర్లు దొరుకుతాయి. వాటిని నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాలి, పొడిగింపు తీగలకు కాదు, చుట్టూ మీటరు దూరంలో పరుపులూ కర్టెన్లూ ఉండకూడదు. ఫోను ఛార్జర్లు రెండు వోల్టేజీలకూ పనిచేస్తాయి.

ఇక అమ్మగారి కుంపటి. దయచేసి దానిని నల్లకుంటలోనే ఉంచండి. మన పాత ఇళ్లలో వెంటిలేటర్లు ఉంటాయి, కిటికీ రెక్కలు ఎప్పుడూ పూర్తిగా మూసుకోవు, తలుపు కింద బొటనవేలు దూరే సందు ఉంటుంది; అందువల్ల తరతరాలుగా బాలింతల గదుల్లో కుంపట్లు పెట్టినా బతికి బట్టకట్టాము. అక్కడి ఇల్లు గాలి చొరకుండా బిగించినది. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషికి నిద్ర వచ్చినట్టుంటుంది, అంతే. 2021లో బొగ్గుల పొయ్యిలు ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లు, గరాజులో కారు నడిపినవాళ్లు, జనరేటరును గుమ్మం పక్కన పెట్టుకున్నవాళ్లు ఇలాగే పోయారు. జనరేటరు ఇంటికి 20 అడుగుల దూరంలో, ఆరుబయట ఉండాలి. తలుపు తెరిచి ఉంచినా గరాజు ఆరుబయట కాదు. మీ అమ్మాయి అప్పట్లో ఆరుబయట నిలిపిన కారులో కూర్చుని మంచి పని చేసింది, అయినా పొగ గొట్టం మంచుతో మూసుకుపోలేదని చూసుకుని మరీ కూర్చోవాలి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారాలను ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా తప్పక పెట్టించండి. నా లెక్కలో జనరేటరు కన్నా ఇదే ముందు కొనవలసిన వస్తువు.

మరొక చిన్న విషయం. అక్కడ బిల్లు పంపే కంపెనీ వేరు, తీగలు చూసుకునే కంపెనీ వేరు. డాలస్ చుట్టుపక్కల చాలా చోట్ల తీగలు ఆంకార్‌వి, ఫ్రిస్కో వైపు కొన్ని కాలనీలకు కోసెర్వ్ అనే సహకార సంస్థ ఇస్తుంది. ఎవరిదో తెలుసుకుని అమ్మాయి, అల్లుడు ఇద్దరి ఫోను నంబర్లనూ వాళ్ల దగ్గర నమోదు చేయించండి.

మళ్లీ నల్లకుంట మాస్టారు

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞుణ్ణి. 4 నిమిషాల 37 సెకన్లు అని లెక్క కట్టగానే ఒళ్లు జలదరించింది. ఇంజనీరుగారి సమాధానాన్ని మా ఇంటావిడకు పైకి చదివి వినిపించాను. కుంపటి విషయంలో సగం మెత్తబడింది గానీ, నిప్పు లేకపోతే పసిగుడ్డును వెచ్చగా ఎలా ఉంచుతారో ఆడవాళ్లెవరైనా చెబితేనే వింటానన్నది. ఆమె ఇన్సులిన్ వాడుతుంది, దానికి ఫ్రిజ్ ఆధారం. అమ్మాయి ఇంట్లో గ్యాసు స్టవ్వు, హాలులో గ్యాసుతో మండే అలంకారపు నెగడు ఉన్నాయట, అవైనా వెలిగించుకోవచ్చునా? హెచ్చరిక రాగానే ఇల్లు వదిలి ఎవరైనా తెలిసినవారి ఇంటికి వెళ్లడం మంచిదా?

సమాధానం: అల్వాల్ అమ్మమ్మ

అన్నయ్యగారూ, నేను స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా పెద్దమ్మాయి కాన్పుకు ఒక చలికాలమంతా డాలస్ దగ్గరి ఇర్వింగ్‌లో ఉన్నాను. ఈ జవాబును వదినగారికే రాస్తున్నాను, ఆవిడకు చదివి వినిపించండి.

వదినగారూ, పసిగుడ్డుకు తల్లి గుండెను మించిన కుంపటి లేదు. ఇది కవిత్వం కాదు, ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లలకు మేము చేయించే పనే. బిడ్డను డైపరుతో, టోపీతో మాత్రం తల్లి రొమ్ముకు ఆనించి, పైన ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పాలి. బిడ్డ ముఖం బయటికి కనిపిస్తూ ఉండాలి, తల్లి మేలుకుని ఉండాలి. తల్లి అలసిపోతే తండ్రి, మీరు, ఎవరైనా వంతు తీసుకోవచ్చు. బిడ్డను విడిగా పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, మనం వేసుకున్న వాటికన్నా ఒక వరుస బట్ట ఎక్కువ వేయండి, కానీ విడి దుప్పట్లు, బొంతలు, వేడినీళ్ల సంచులు పక్కలో పెట్టవద్దు. దుప్పటి ముఖం మీదికి జరిగితే దాన్ని తీసేసుకోవడం పసిబిడ్డకు చేతకాదు. తొడిగే సంచి వంటి బట్టలు అక్కడ దొరుకుతాయి, రెండు కొనిపించండి. సాంబ్రాణి పొగ కూడా వద్దు. పొగ అలారం మోగడం సంగతి అలా ఉంచినా, పసి ఊపిరితిత్తులకు అది మంచిది కాదని ఇక్కడైనా నేను చెబుతూనే ఉంటాను. మా అమ్మ నా మాట ఎన్నడూ వినలేదు లెండి.

ఇల్లంతా వెచ్చగా ఉంచాలని చూడకుండా ఒకే గదిని ఎంచుకోండి. చిన్నదై, కిటికీలు తక్కువగా ఉండి, స్నానాల గది ఆనుకుని ఉన్నది మేలు. తలుపు కింద తువ్వాలు చుట్టి పెట్టి, రాత్రి కిటికీలకు బొంతలు కట్టి, పగలు ఎండ వచ్చే కిటికీని మాత్రం తెరలు తీసి ఉంచండి. అందరూ ఆ గదిలోనే ఉండాలి. గ్యాసు స్టవ్వును కరెంటు లేనప్పుడు అగ్గిపుల్లతో వెలిగించుకుని వంట చేసుకోవచ్చు, చాలా స్టవ్వులు అందుకు ఒప్పుతాయి, మీదెలాగో ముందే చూసుకోండి. కానీ గది వెచ్చబడుతుందని దాన్ని వెలిగించి వదిలేయకూడదు, ఓవెను తలుపు తెరిచి పెట్టకూడదు. హాలులోని నెగడును పొగ గొట్టపు మూత తెరిచి, అలారం పనిచేస్తున్నదని చూసుకుని, మనుషులు మేలుకుని ఉన్నంతసేపే వాడుకోండి.

ఇన్సులిన్ గురించి: తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, తెరిచినదాన్ని చాలా రకాలు గది వేడిమిలో నాలుగు వారాల దాకా వాడుకోనిస్తాయి, మీ మందు కాగితంలో చూసుకోండి. చలికాలంలో అసలు ప్రమాదం వేడి కాదు, గడ్డకట్టడం. ఫ్రిజ్ ఆగింది కదా అని బయట మంచులోనో గరాజులోనో పెడితే ఆ మందు పనికిరాదు, కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా వాడకూడదు. ఇల్లు మరీ చల్లబడితే చిన్న సంచిలో వేసి మీరున్న గదిలోనే దగ్గర పెట్టుకోండి. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు మొత్తం రోజులకు సరిపడా మందులూ డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి, విమానంలో కింద వేసే పెట్టెలో కాదు.

ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే లోపలివి నాలుగు గంటలు ఆగుతాయి. నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు ఆగుతుంది. నీళ్లు మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే నాలుగు లీటర్లకు కొంచెం తక్కువ. మూడు రోజులకు తక్కువ కాకుండా పెట్టుకోండి, బాలింత ఉంది కనుక నేనైతే వారానికి పెడతాను. స్నానపు తొట్టెను నింపి పెడితే కమోడుకు పోయడానికి పనికివస్తుంది. కరెంటు వచ్చాక కూడా నల్లా నీళ్లు కాచి తాగమని ఊరివాళ్లు చెబుతారు, 2021లో కోటి మందికి పైగా అలా కాచుకోవలసి వచ్చింది. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం కాగితే చాలు. అమ్మాయి పాలిస్తానన్నా సరే, నీళ్లు కలపనక్కర్లేని డబ్బా పాలు నాలుగు సీసాలు ఇంట్లో ఉంచండి. తిండికి ఇక్కడి నుంచి బియ్యం, పప్పు మోయకండి. ఫ్రిస్కోలో మన దుకాణాలకు కొదవ లేదు. వండకుండా తినగలిగే అటుకులు, వేరుశనగలు, బెల్లం అక్కడే కొని ఒక డబ్బాలో విడిగా దాచండి.

సమాధానం: ప్లేనో వదిలి కొండాపూర్

ఇల్లు వదిలి వెళ్లే విషయం నేను చెబుతాను. వెళ్లదలచుకుంటే మంచు పడకముందు రోజు వెళ్లాలి, పడ్డాక కదలకూడదు. అక్కడి వాతావరణ శాఖ ముందు ‘వాచ్’ అంటుంది, అంటే వచ్చే అవకాశం ఉందని. తరువాత ‘వార్నింగ్’ అంటుంది, అంటే వస్తోందని, లేదా వచ్చేసిందని. నిర్ణయం వాచ్ నాడే తీసుకోవాలి. రోడ్డు మీద కనిపించకుండా పరుచుకునే పలచని మంచు పొరకు హైదరాబాదు డ్రైవింగ్ ఏమీ పనికిరాదు. వంతెనలు అన్నింటికన్నా ముందు గడ్డకడతాయి. 2021 ఫిబ్రవరి 11న, అసలు తుపానుకు ముందే, ఫోర్ట్‌వర్త్‌లో అలాంటి రోడ్డు మీద 130కి పైగా వాహనాలు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. అల్లుడు కూడా ఆ వారం హ్యూస్టన్ వెళ్లకపోవడమో, వాచ్ రాగానే తిరిగి రావడమో చేయాలి. వెళ్లేటప్పుడు నీళ్ల వాల్వు కట్టేసి, పైపులు ఖాళీ చేసి వెళ్లండి.

సమాధానం: వనస్థలిపురం విశ్రాంత ఇంజనీరు

వెళ్లడం గురించి నాకు కొంచెం భిన్నాభిప్రాయం ఉంది. వెళ్లిన ఇంటికి కరెంటు ఉంటుందన్న హామీ ఏముంది? ఆసుపత్రి ఉన్న ఫీడరు మీద ఎవరి ఇల్లయినా ఉంటే అది వేరే మాట.

సమాధానం: అల్వాల్ అమ్మమ్మ

ఇంజనీరుగారి మాట మామూలు రోజులకు సరే. నెలలు నిండిన అమ్మాయి విషయంలో కరెంటు కాదు, ఆసుపత్రి ఎంత దూరమన్నదే చూడాలి. తుపాను వాచ్ వస్తే ఏం చేయాలో ఆమె డాక్టరును ఇప్పుడే అడిగి, చెప్పినది కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మంచు మీద నొప్పులు మొదలైతే మీరు కారు తీయవద్దు, 911కు ఫోను చేయండి.

మళ్లీ నల్లకుంట మాస్టారు

అందరికీ మరొకసారి నమస్కారాలు. నిన్న రాత్రి వీడియోలో అల్లుడు మాకు చూపిస్తూనే వాల్వు వెతికాడు. కొండాపూర్ మిత్రుడు రాసినట్టే వీధి అంచున గడ్డి కింద ఉంది, మూత తీయగానే నిండా చీమలు. ఎర్రచీమలు కుట్టి అల్లుడి చెయ్యి వాచింది, వాల్వు మాత్రం అంగుళం కదలలేదు. సోమవారం ప్లంబరు వస్తున్నాడు. అలారాలు మూడు ఆర్డరు చేశారు. అమ్మాయి ఇంట్లో ఉన్న గీజరు ట్యాంకు లేనిదేనట, పుస్తకం వెతుకుతున్నది.

కుంపటి మా డాబా మీదికి వెళ్లింది. అయితే మా ఇంటావిడ చివరి ప్రశ్న ఒకటి రాయమన్నది: కరెంటు లేని ఆ రెండు మూడు రోజులు, నిప్పు లేదు, వేణ్ణీళ్లు లేవు, మరి బిడ్డకు నూనె రాసి నీళ్లు పోయడం ఎలా అని.

సమాధానం: అల్వాల్ అమ్మమ్మ

పోయవద్దు వదినగారూ. చలి గదిలో తడిసిన ఒళ్లు క్షణంలో చల్లబడుతుంది. స్టవ్వు మీద గిన్నెడు నీళ్లు గోరువెచ్చగా కాచి, మెత్తటి గుడ్డ ముంచి పిండి, ముఖం, మెడ ముడతలు, పిరుదులు మాత్రం ఒక్కొక్కటిగా తుడిచి వెంటనే ఆరబెట్టి కప్పేయండి. బొడ్డు ఊడేదాకా మా ఆసుపత్రిలోనూ ఇలాగే చేయించేవాళ్లము. నూనె సీసాను కరెంటు వచ్చాకే మూత తీయండి.